రాతిచేపల చెంబు

రాతిచేప ఊరికే కనబడదు. వాగు ఒడ్డున గంటసేపు కూర్చుని చూసినా రాళ్ళు, ఇసుక, వాటి మీద పారే నీళ్ళు, అంతే. నడుం వంచి, చేతులు మోచేతులదాకా ముంచి, రాయిని ఒక పక్కకు మెల్లగా ఎత్తాలి. అప్పుడు దాని కింద ఇసుకకు పొట్ట ఆనించుకుని చిటికెన వేలంత చేప ఉంటుంది. ఒంటి మీద గోధుమరంగు చారలు, నోటి చుట్టూ పొట్టి మీసాలు. పట్టుకుంటే సబ్బుముక్కలా జారిపోతుంది. నీళ్ళు ఎంత వడిగా పారినా అది మాత్రం కొట్టుకుపోదు. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపే దానికి ప్రాణం. చెంబులో వేసి ఎండలో పెడితే కాసేపట్లో వెల్లకిలా తేలుతుంది.

మా అత్తగారి ఊళ్ళో దాన్ని రాతిచేప అనేవాళ్ళు. పాలమూరు జిల్లాలో, నల్లమల కొండలు మొదలయ్యే చోట ఆ ఊరు. వాగు కొండ మీది బండల సందుల్లోంచి దిగి వచ్చేది. ఊరంతా మాడిపోయే ఎండల్లో కూడా ఆ నీళ్ళలో కాలు పెడితే జివ్వుమనేది. నేను నల్లగొండలో పుట్టినదాన్ని. మా నాయినది మగ్గం పని. నేను పదో తరగతి పాసయ్యానన్న పొగరు ఇంట్లో నాకంటే ఆయనకే ఎక్కువ. చేప అంటే అంగట్లో తూకం వేసి ఇచ్చేది అని తప్ప నాకు ఇంకేం తెలియదు. కాపురానికి వెళ్ళిన మొదటి నెలలో మా అత్త చెంబులో రాతిచేపలు చూపిస్తే, "ఇవి చేపలా, పురుగులా?" అన్నాను. అందుకు కొట్టింది. అదే మా అత్త నన్ను కొట్టిన మొదటిసారి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ రోజు చెంప రెండు పూటలు వాచే ఉంది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు తోడికోడలు లేదు. అందుకని నేను ఏడవలేదు, కొరికాను. ఆమె ముంజేతి మీద నా పళ్ళ గుర్తు చివరిదాకా ఉండింది. ఆమె చేతిలో ఏముంటే దానితో కొట్టేది, చీపురు గానీ గంటె గానీ తడి చీర గానీ. నేనూ చేతికి అందినది విసిరేదాన్ని. మా అరుపులు విని గోడ అవతల కోళ్ళు లేచి పోయేవని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మొగుడు పోయాక ఆమె ఒక్కతే కౌలుకు దున్ని కొడుకును పెంచింది. నాగలి పట్టిన చేయి అది. దెబ్బ అంటే దెబ్బే.

వాళ్ళింట్లో మగ్గం ఎప్పుడో మూలపడింది. మా ఆయన బావులు పేల్చే పనికి పోయేవాడు. ఆ రోజుల్లో నీళ్ళు లోపలికి పోతుంటే రైతులు బావులు లోతు చేయించేవాళ్ళు. కింద బండ తగిలితే దానికి రంధ్రాలు కొట్టి, జిలెటిన్ తూటాలు పెట్టి, వత్తి ముట్టించి పేల్చేవాళ్ళు. ఆ పనికి ఒక నియమం ఉంది. ముట్టించే ముందు మూడుసార్లు గట్టిగా కేక వేయాలి. ఒక్కో కేకకూ మధ్య ఆగి చెవి పెట్టి వినాలి. ఎవరైనా పలికితే ఆగిపోవాలి. మూడు కేకలకీ ఎవరూ పలకకపోతే ముట్టించాలి. మా ఆయన గొంతు పెద్దది, అందుకని కేక ఎప్పుడూ ఆయనదే. "ఓయ్... మందు కాలుస్తున్నం... జరుగుండ్రి!" ఊళ్ళో రోజూ ఎటో ఒకవైపు నుంచి ఆ కేక వినబడేది. వినీ వినీ మాకు అలవాటైపోయి, పనిలోంచి తల కూడా ఎత్తేవాళ్ళం కాదు.

పెళ్ళైన రెండో ఏడు నాకు కొడుకు పుట్టాడు. పురుడు నల్లగొండలో మా అమ్మ దగ్గర. నాకు పాలు సరిగ్గా పడలేదు. నేను చదువుకున్నదాన్ని కదా, డబ్బా పాలు కొనిపించాను. డబ్బా మీద రాసింది చదివి, చెంచాలు లెక్కపెట్టి కలిపేదాన్ని. మూడో నెలలో పిల్లవాడిని తీసుకుని అత్తగారింటికి వచ్చాను. డబ్బా కూడా వెంట తెచ్చాను. ఇక్కడ బావి నీళ్ళు. కాచి చల్లార్చమని డబ్బా మీద ఉంది, నేను ఒక్కోసారి కాచాను, ఒక్కోసారి కాచలేదు. పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజు దవాఖానకు తీసుకుపోతుంటే బస్సులోనే పోయాడు.

శవాన్ని ఒళ్ళో పెట్టుకునే ఇంటికి వచ్చాను. మా అత్త నా జుట్టు పట్టుకుని గడప మీదకి లాగింది. "డబ్బపాలు పోసి సంపినవ్ గదనే!" అని ఆమె అరుస్తుంటే పిల్లవాడు నా చేతుల్లోంచి జారబోయాడు, పక్కింటివాళ్ళు పట్టుకున్నారు. ఆమె లోపలికి పోయి ఆ డబ్బాను తెచ్చి, మా ఆయన సమ్మెటతో గడప మీదనే తుక్కుతుక్కుగా కొట్టింది. పాలపొడి అందరి మీదా పడింది. ఆ ఒక్క రోజు మాత్రం నేను తిరగబడలేదు. ఆమె అన్నదే నేనూ లోలోపల అనుకుంటున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పాను. ఈసారి పుట్టింటికి పంపనంది అత్త. "నా కండ్ల ముందల కనాలె" అంది. కన్నాను, ఆడపిల్ల. మంత్రసాని ఒక ముస్లిం ముసలామె. ఊరంతా ఆమెను ఖాలా అనేవాళ్ళం. ఆ ఊళ్ళో సగం మంది ఆమె చేతుల మీదనే భూమ్మీద పడ్డారు. పిల్ల బాగానే ఉంది, కానీ నాకు మళ్ళీ పాలు లేవు. ఒకటి, రెండు, మూడు రోజులు గడిచాయి. ఖాలా మేకపాలలో దూది ముంచి పిల్ల నోట్లో పిండేది. తాగినదంతా కక్కేసేది. ఊళ్ళో పాలిచ్చే తల్లి ఇంకొక్కతే ఉంది, ఆమెకు కవల పిల్లలు. ఐదో రోజుకు పిల్ల ఏడుపు సన్నబడింది. ఆరో రోజు పొద్దున నోరు తెరిచింది కానీ ఏడుపు రాలేదు.

నేను మా ఆయనతో అన్నాను, "తాలూకాకు పోయి డబ్బ తే. ఇప్పుడే పో."

ఆయన అమ్మ వైపు చూశాడు. ఆయనకు ఏది చేయాలన్నా ముందు అటు చూడడం అలవాటు. అంతలోనే అత్త పొయ్యి దగ్గర్నుంచి లేచింది. చేతిలో గంటె, గంజిలోంచి తీసింది తీసినట్టే ఉంది. నా భుజం మీద ఒక్కటి వేసింది. కాలింది, తోలు ఊడింది.

"ఇంకోపారి డబ్బ పేరెత్తితే నాలిక కోస్త. ఒక్కన్ని మింగినవ్, సాలదా?"

"నీ కొడుకు ముందట నన్ను కొడ్తవా? బిడ్డ సస్తాంది, కండ్లు కనవడ్తలేవా?"

"కనవడ్తున్నయ్. గందుకే వాగుకు పోతున్న."

ఆ ఊళ్ళో బాలింతకు పాలు పడకపోతే రాతిచేపలు తినిపిస్తారు. అవి ప్రాణంతో ఇంటికి రావాలి, వచ్చిన పూటే వండాలి. తెచ్చేది ఇంటి ఆడమనిషే అయ్యుండాలి. మొదటి రాయి తిప్పినప్పటి నుంచి, చెంబు తెచ్చి పొయ్యి పక్కన పెట్టేదాకా ఆమె నోరు తెరవకూడదు. దారిలో ఎవరు పలకరించినా పలకకూడదు, ముల్లు గుచ్చుకున్నా అబ్బా అనకూడదు. నోరు తెరిస్తే ఆ చేపలు ఉత్త చేపలైపోతాయి, పాలు పడవు. నోరు మూసుకునే ఈ నియమం ఆడవాళ్ళ మధ్యనే ఉంటుంది, మగవాళ్ళకు చెప్పరు. ఇదంతా ఖాలా నాకు చెప్పింది. కోళ్ళను లేపే గొంతున్న మా అత్త పూటంతా నోరు మూసుకుని ఉండడమా అని నేను వెటకారం చేశాను. ఖాలా నవ్వలేదు.

అత్త ఇత్తడి చెంబు తీసుకుని గడప దాటుతుంటే నేను వెనక నుంచి అరిచాను. "పో, గా వాగులనే పడి సావు! నా పీడ పోతది!"

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. ఇంకా రాయి తిప్పలేదు కదా, మాట్లాడొచ్చు. "నేనొచ్చేదాక పిల్లను సంకల నుంచి దించకు" అని మాత్రం అని పోయింది. ఆమె నాతో అన్న మాటల్లో తిట్టు లేనిది అదొక్కటే అయ్యుంటుంది. నేను మాత్రం ఆ మాటకు కూడా పళ్ళు కొరికాను.

మా ఆయన తన పనికి తాను పోయాడు. ఆ వారం ఊరి పెద్ద ఆసామి బావిలో పని జరుగుతోంది. బావి ఊరికి, వాగుకు మధ్యలో ఉంది. ఆ పొద్దున మొదటి పేలుడుకే బండ పగిలి నీళ్ళు ఎగజిమ్మాయట. ఆసామి సంతోషం పట్టలేక అందరికీ దావత్ అన్నాడు. కల్లు తెప్పించాడు, చేపలు కావాలన్నాడు. రెండు తూటాలు మిగిలాయి. వాగులో పెద్ద బండ కింద ఒక మడుగు ఉంది, అందులో బొమ్మె చేపలు ఉంటాయని అందరికీ తెలుసు. తూటాకు రాయి కట్టి, వత్తి ముట్టించి నీళ్ళలో వేస్తే చేపలన్నీ చచ్చి తేలుతాయి. మా ఆయన, ఇంకో ఇద్దరు కలిసి వాగుకు పోయారు. అమ్మ ఈపాటికి ఇంటికి చేరి ఉంటుందనుకున్నాడట మా ఆయన. ఇదంతా నాకు తర్వాత ఆ ఇద్దరే చెప్పారు.

నేను ఇంట్లో పిల్లను సంకలో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దు నడినెత్తికి వస్తోంది. దూరంగా కేక వినబడింది, రోజూ వినబడేదే. నేను తల ఎత్తలేదు. తర్వాత చప్పుడు. బావిలో పేలితే నేల కింద ఎవరో మూలిగినట్టు గుభేలుమంటుంది. ఇది అలా లేదు, ఆరుబయట పేలిన చప్పుడు. కొండకు తగిలి తిరిగి వచ్చింది. ఖాలా పిల్ల కాళ్ళు పామే చేతులు ఆపి తల ఎత్తింది.

"గిదేందే, వాగు దిక్కెల్లి వచ్చింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, పొద్దున నేను అన్న మాట నా చెవుల్లోనే తిరిగింది. పిల్లను దించవద్దంది కదా, దించకుండానే గడపదాకా పోయాను.

ఆమెను నులక మంచం మీద వేసుకుని వచ్చారు. బండకు అవతలి వైపు, నీళ్ళు సన్నగా పడే చోట, నడుములోతు నీళ్ళలో వంగి ఉందట. ఇవతల ఒడ్డు నుంచి చూస్తే కనబడదు. పేలుడు నీళ్ళలోంచి ఆమె పొట్టకు తగిలింది. లేచిన రాళ్ళు తల మీద, వీపు మీద పడ్డాయి. రెండు చెవుల్లోంచి, ముక్కులోంచి రక్తం. చీర ఎక్కడికక్కడ చిరిగి ఒంటికి అంటుకుంది. పొట్ట అప్పటికే కుండలా బిగిసింది. వాగు ఒడ్డంతా చచ్చిన చేపలు తెల్లగా తేలాయని, మంచం మోసిన వాళ్ళలో ఒకడు అప్పుడు కూడా చెప్తున్నాడు. వాడి నోటి మీద కొట్టాలనిపించింది.

ఆమె కుడిచేతిలో చెంబు ఉంది. సొట్ట పడింది, పైన తడి ఆకులు కప్పి ఉన్నాయి. ఎంతమంది లాగినా వేళ్ళు ఊడిరాలేదట. చేపలు పట్టిందల్లా పట్టినట్టే ఆ చెంబులో వేసి ఒడ్డున రాళ్ళ నడుమ నీడలో పెట్టుకుంది. పేలాక, పొట్ట మీద పాక్కుంటూ పోయి ముందు దాన్నే పట్టుకుందట. దారి పొడుగునా పిలిచారు, ఏడ్చారు, నీళ్ళు తాగమన్నారు. పలకలేదు. కళ్ళు తెరిచే ఉంది, పెదాలు బిగించుకుంది. "అయ్యో, నోరు పడిపోయింది" అని ఊరంతా ఏడుస్తోంది. ఆమె నోరు ఎందుకు మూసుకుందో ఆ గుంపులో నాకూ ఖాలాకూ తప్ప ఎవరికీ తట్టలేదు.

వాకిట్లో దించబోతే తల అడ్డంగా ఊపింది. చెంబుతో లోపలికి చూపించింది. ఖాలానే మంచం ఒక పక్క పట్టుకుని, "లోపటికి తీసుకరాండ్రి, పొయ్యి కాడికి" అని కసిరింది. పొయ్యి పక్కన దించారు. ఆమె చేయి కిందకు చాచింది. చెంబు అడుగు నేలను తాకిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు వేళ్ళు వదిలింది, అప్పుడు నోరు తెరిచింది. ముందు రక్తం వచ్చింది. ఆ తర్వాత మాట.

"పసుపు, ఉప్పు, జర మిరియం. కారం ఎయ్యకు. ముళ్ళతోనే నములు."

ఖాలా జనాన్ని బయటకు తోలుతోంది. మా ఆయన వాకిట్లో గోడకు ఆనుకుని తడి బట్టలతో నిలబడి, వచ్చినవాళ్ళకల్లా ఒకటే చెప్తున్నాడు. "మూడుసార్లు పిలిసిన. మూడుసార్లు పిలిసిన. ఎవ్వరు పలుకలే." అత్త నా కొంగు పట్టి కిందకు గుంజింది. ఆమెకు ఏమీ వినబడటం లేదు, నా నోటి వైపు చూడటం కూడా లేదు. తను చెప్పాల్సింది చెప్పింది. గొంతు లేదు, గాలి మాత్రం ఉంది.

"విన్న. ఫస్టు బాయి కాడ అనుకున్న. రెండోపారి పక్కనే వినొచ్చింది, వాని గొంతే. చేతిల చేప ఉండె. పలుకుదునా అనుకున్న... పలికితే పోతయి గద. జల్ది ఒడ్డెక్కుదమనుకున్న."

అంతే. నేను ఏం చెప్పినా ఆమెకు వినబడదు. పొద్దున్న అన్న మాట తప్పని చెప్పాలంటే ఇక దారి లేదు. ఆమె ముంజేయి పట్టుకున్నాను. నా పళ్ళ గుర్తు మీదే నా బొటనవేలు పడింది.

ఆసామి ట్రాక్టర్ పంపాడు. దవాఖానకు వేసుకుపోవడానికి మా ఆయన దుప్పటి కోసం లోపలికి వచ్చాడు. నన్ను చూసి మళ్ళీ అదే మాట, "మూడుసార్లు పిలిసిన." రోలు పక్కన రోకలి ఉంది. పిల్లను ఖాలా చేతిలో పెట్టాను. రోకలి ఎత్తి ఆయన మూతి మీద కొట్టాను. మొదటి దెబ్బకు ముందరి పన్ను ఒకటి విరిగింది, రెండోది భుజం మీద పడింది, మూడోది ఖాలా పట్టుకోకపోతే తల మీద పడేది. ఆయన చేయి అడ్డం పెట్టలేదు. పన్ను ఉమ్మేసి, దుప్పటి భుజాన వేసుకుని పోయి ట్రాక్టర్ ఎక్కాడు.

ట్రాక్టర్ చప్పుడు దూరమైంది. ఖాలా నాతో, "వండు. ఊకె కూసుంటె సస్తయి" అంది. ఆకులు తీశాను. ఆరు చేపలు. అయిదు ఒకదాని మీద ఒకటి చేరి చెంబు అడుగును పట్టుకుని ఉన్నాయి, ఒకటి చెంబు లోపలి గోడకు అంటుకుని ఉంది. మీసాలు కదులుతున్నాయి. చెంబు అంచు చుట్టూ ఎర్రటి చేతి గుర్తు. ఎత్తి గోడ అవతలికి విసిరేద్దామనుకున్నాను. ఆరు పురుగుల కోసమా అని అరవాలనుకున్నాను. పిల్ల నోరు తెరిచి మూసింది, చప్పుడు రాలేదు. పొయ్యి ముట్టించాను.

బతికున్న చేపలను ఉడుకు నీళ్ళలో వేస్తే కొట్టుకుంటాయి. మూత మీద చేయి పెట్టి నొక్కి పట్టుకున్నాను. చేతి కింద తగిలింది, ఒకటి, రెండు, తర్వాత ఏమీ లేదు. పసుపు, ఉప్పు, మిరియం. ముళ్ళతోనే నమిలాను. చిన్న ముళ్ళు చిగుళ్ళకు గుచ్చుకున్నాయి. ఏడుస్తూ నమిలాను, తిడుతూ నమిలాను. ఆమెను తిట్టానో, ఆయన్నో, నన్నో నాకే తెలియదు.

మా అత్త మర్నాడు తెల్లారేసరికి దవాఖానలో పోయింది. వాగులో తూటా వేసిన సంగతి బయటపడకుండా, బావి పనిలో రాయి పడిందని రాయించాడు ఆసామి. మధ్యాహ్నానికి శవాన్ని తెచ్చారు. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి గుండెలు బాదుకుంటుంటే, ఎవరో నా భుజం పట్టి వంచి శవం మీద పడి ఏడవమన్నారు. వంగాను. అప్పుడే నా రొమ్ములు బరువెక్కి సలిపాయి. రవిక ముందంతా తడిసింది. ఆమె ముఖం మీద కప్పిన తెల్లగుడ్డ మీద రెండు చుక్కలు పడ్డాయి. ఖాలా చూసి నన్ను లేపి పక్క గదిలోకి లాక్కుపోయి పిల్లను రొమ్ముకు అందించింది. అవతల ఏడుపులు, ఇవతల పిల్ల గుటకలు. "పాలు తాగే పోరి, నీ నాయినమ్మ మీద ఒట్టు, ఊపిరి తీసుకుంట తాగు" అంది ఖాలా, ముక్కు చీదుకుంటూ.

మా పిల్ల బతికింది. మేం ఆ ఊళ్ళో ఎక్కువ రోజులు ఉండలేదు. మా ఆయన తూటా ముట్టనన్నాడు. దాంతో ఆ ఊళ్ళో ఇంకో పని లేదు. ముందు నల్లగొండలో మా నాయిన దగ్గర కొన్నాళ్ళు, తర్వాత చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని. కిరాయికి రెండు గదులు. అక్కడ ఆయన తాగడం నేర్చుకున్నాడు. తాగినప్పుడు ఎవరు దొరికితే వాళ్ళతో చెప్పేవాడు, "మా అమ్మకు చెవులు సరిగ వినవడకపోతుండె. లేకుంటే మూడుసార్లు పిలిస్తే పలుకదా?" మా అత్తకు గోడ అవతల నేను గొణిగినా వినబడేది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ఆ చెవిటితనం ఆయనకు కావాలి. అది లేకుండా ఆయన మర్నాడు లేచి డ్యూటీకి పోలేడు. నేను కాదనలేదు. ఆమె నా చెవిలో చెప్పింది నా దగ్గరే ఉంచుకున్నాను. దయతోనే ఉంచుకున్నానని అప్పట్లో అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆయనకు చెప్తే ఆమె ఎవరి పాల కోసం నోరు మూసుకుందో కూడా చెప్పాల్సి వస్తుందని భయం.

కోపం వస్తే మనిషి దయా గియా చూసుకోడు. నేను అసలే చూసుకోను.

పిల్లకు ఎనిమిదో ఏడు. ఒక ఆదివారం గుమ్మం ముందు కూర్చుని గోళీలు ఆడుకుంటోంది. లోపలి నుంచి ఆయన పిలిచాడు. ఆటలో పడి వినిపించుకోలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి గట్టిగా, పాత గొంతుతో, ఆ కేకలాగే పిలిచాడు. పిల్ల తల ఎత్తలేదు, గోళీకి గురి చూస్తోంది. ఆయన బెల్టు తీసుకుని బయటికి పోయాడు.

"మూడుసార్లు పిలిస్తే పలుకవా? పలుకవా? నోరు లేదా నీకు?"

నేను పోయేసరికే వీపు మీద గౌను చిరిగింది. తోలు లేచి రక్తం చిమ్ముతోంది. పిల్లను కొట్టడం లేదు ఆయన, ఇంకెవర్నో కొడుతున్నాడు, అది నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఆగలేదు. పిల్ల మీద పడి రెండు దెబ్బలు నా వీపుకు తీసుకుని, లేచి, ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పాను.

"మీ అమ్మ విన్నది."

బెల్టు గాలిలో ఉంది.

"మూడుసార్లు విన్నది. నీ గొంతని గుర్తువట్టింది. నా చెవుల చెప్పి సచ్చింది. చేతిల చేప ఉండె, పలికితె నీ బిడ్డకు పాలు పడయని నోరు మూసుకున్నది. ఇప్పుడు నువ్ కొడ్తున్న గీ బిడ్డకే."

నేను రోకలితో ఆయన పన్ను విరగ్గొట్టిన దెబ్బ ఈ దెబ్బ ముందు ఏమీ కాదు. కొట్టేటప్పుడు తెలుసు, తెలిసే కొట్టాను. ఆయన బెల్టు కింద పడేశాడు. నన్ను చంపుతాడనుకున్నాను. "ఎనిమిదేండ్లు దాచినవా?" అన్నాడు. అంతే. నల్లా దగ్గరికి పోయి కూర్చుని కక్కుకున్నాడు. తర్వాత పిల్ల వీపు మీద పసుపు పూయడానికి చేయి చాస్తే పిల్ల భయపడి నా వెనక దాక్కుంది. చాచిన చేయిని ఆయన కాసేపు అలాగే ఉంచాడు.

ఇంకొకటి ఉంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు, మా తమ్ముడి భార్య పురుటికి దవాఖానలో తోడున్నప్పుడు ఒక నర్సుతో మాటల్లో ఇది చెప్పాను. ఆమె చాలా మామూలుగా, "రక్తం తక్కువున్నోళ్ళకు ఒక్కోసారి ఆలస్యం అయితదక్కా. ఆరోనాడో, ఏడోనాడో వాటంతట అవే పడ్తయి" అంది. అయ్యుండొచ్చు. చేపలు తినకపోయినా మర్నాటికి పాలు వచ్చేవేమో. లేకపోతే ఆ ఆరు చేపలే నా పిల్లను బతికించాయేమో. నాకు తెలియదు. ఆ నర్సు చెప్పింది మాత్రం ఆయనతో అనలేదు. ఎంత కోపం వచ్చినా, ఎన్నిసార్లు నోటిదాకా వచ్చినా, అది మింగేశాను. ఎప్పటికీ అనను.

ఆ ఆదివారం తర్వాత ఆయన ఎవరినీ కేక వేసి పిలవలేదు. అన్నానికి రమ్మనాలన్నా, చీకటి పడింది ఇంట్లోకి రమ్మనాలన్నా, పిల్ల వీధి చివర ఉన్నా సరే, చెప్పులు వేసుకుని అక్కడిదాకా నడిచిపోతాడు. ఎదురుగా పోయి నిలబడతాడు. పిల్ల తల ఎత్తి తనను చూసేదాకా ఆగి, అప్పుడు మెల్లగా చెప్తాడు.